రెండు గీతల బండి

పదకొండో నంబరు బస్సు సంగతి ఎత్తి ఆ కొండ మీద ఎవరినైనా కదిపి చూడండి. అప్పటిదాకా నోట్లో నాలుక లేనట్టు కూర్చున్న మనిషి కూడా అందుకుంటాడు. అరగంటకొక బస్సు అని బోర్డు మీద రాసి ఉంటుంది. గంటన్నర దాకా ఒక్కటీ రాదు. వచ్చినప్పుడు ఒకదాని వెనక ఒకటి మూడు వస్తాయి. మొదటిది కిక్కిరిసిపోయి ఆగదు, రెండోది ‘వెనకాల ఖాళీ బండి వస్తోంది’ అని చెప్పి ఆగదు, మూడోది డిపోకి పోతున్నానని ఆగదు. ఆగిన రోజున తలుపు పడదు. తలుపు పడిన రోజున బండి కదలదు, దిగి తొయ్యాలి. టిక్కెట్టు కొన్నవాళ్ళ చేతే బండి తోయించుకునే ఘనత ఇంకెవరికైనా ఉందో లేదో.

ఈ కోపమంతా చివరికి ఎక్కడికి చేరుతుందో బకెట్టక్కకు తెలుసు. సీట్ల వెనక రేకుల మీదికి. మేకుతోనో తాళంచెవితోనో గీకి, పెన్నుతో దిద్ది, జనం తమ మనసులో మాట అక్కడ రాసిపెట్టి దిగిపోతారు. ‘ఈ బస్సును నమ్ముకుంటే సొంత పెళ్ళికి కూడా అందుకోలేం.’ ‘డ్రైవరు గారూ, నా ఉద్యోగం పోయింది, మీరు క్షేమమే కదా.’ బూతులు సరేసరి. వాటిని సబ్బునీళ్ళతో రుద్దడం ఆమె పని. బళ్ళో చదివింది మూడో తరగతి, మిగతా చదువంతా ఈ సీట్ల వెనకే అయింది. కొత్త తిట్టు కనబడితే కూడబలుక్కుని చదివి, తనలో తాను నవ్వుకుని, ఆ తర్వాతే తుడిచేది.

భర్త అదే డిపోలో మెకానిక్కు. జ్వరమొచ్చి వారం తిరక్కుండా పోయాడు. అప్పటికి కూతురికి తొమ్మిదేళ్ళు. డిపోవాళ్ళు జాలిపడి ఆమెకు ఒక బకెట్టు, ఒక చీపురు, రెండు ఖాకీ కోట్లు ఇచ్చారు. ఇది జరిగి పదకొండేళ్ళు. బకెట్టు చేతిలో లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. టీ తాగడానికి వెళ్ళినా పక్కన పెట్టుకునే కూర్చుంటుంది. వదిలితే షెడ్డువాళ్ళు అందులో నూనె వంపుకుంటారని ఆమె భయం. ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు.

ఉదయం షిఫ్టు బళ్ళు పదకొండు నుంచి ఒక్కొక్కటే డిపోకు చేరతాయి. తెచ్చిన డ్రైవర్లు దిగి ఇళ్ళకు పోతారు. మధ్యాహ్నం డ్రైవర్లు ఒంటిగంటకు గాని రారు. వీళ్ళ మొహం వాళ్ళు చూడరు, వాళ్ళ మొహం వీళ్ళు చూడరు. బండి ఎలా ఉందో ఒకరు ఇంకొకరికి చెప్పాలంటే ఉన్నది రిపేరు పుస్తకం. అందులో రాస్తే బండిని షెడ్డులో పెట్టాలి. నలభై బళ్ళకు ఇద్దరు మెకానిక్కులు, బదులు బండి ఒక్కటీ లేదు. బండి ఆగితే ట్రిప్పు పోతుంది, ట్రిప్పు పోతే స్టాపుల్లో జనం రాళ్ళు ఏరుకుంటారు, మేనేజరు రాసినవాణ్ణి పిలిపించి “నీ ఒక్కడికే ఎందుకు కనిపిస్తాయయ్యా ఈ లోపాలు?” అని నిలదీస్తాడు. రెండుసార్లు రాసినవాడికి మూడోసారి డ్యూటీయే పడదు. అందుకని పుస్తకంలో ఎవరూ రాయరు. ఆ పుస్తకం చూస్తే లోకంలో అంత మంచి బస్సులు ఇంకెక్కడా లేవనిపిస్తుంది.

రాయడానికి బదులు సుద్దముక్క ఉంది. డ్రైవరు సీటు వెనక రేకు మీద, కింది మూల, దిగిపోయే డ్రైవరు ఒక గుర్తు పెట్టిపోతాడు. సున్నా చుడితే తలుపు సరిగా పడదని. ఒక గీత గీస్తే క్లచ్చు మొరాయిస్తోందని. రెండు గీతలుంటే బ్రేకు రెండుసార్లు తొక్కితే గాని పట్టదని. వచ్చే డ్రైవరు ముందు ఆ మూల చూసుకుని, దానికి తగ్గట్టు బండి నడుపుకుంటాడు. మూల శుభ్రంగా ఉంటే బండి బాగుందనుకుని ధీమాగా పోతాడు. ఇది ఎప్పుడు ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలియదు. ఆఫీసుకు మాత్రం తెలియకూడదు. తెలిస్తే, లోపం తెలిసి కూడా నడిపారని అందరి ఉద్యోగాలూ ఊడతాయి. బకెట్టక్క పదకొండేళ్ళలో రేకంతా తుడిచింది గాని ఆ మూల జోలికి ఎన్నడూ పోలేదు.

డిపో కొండ మీద ఉంది. గేటు దాటిన దగ్గర్నుంచి దిగుడే. తొమ్మిది మలుపులు, ఒక పక్క గోడ, ఇంకో పక్క లోయ, చివర నది మీద వంతెన. రెండు గీతలు చూసినప్పుడల్లా మొదట్లో ఆమెకు ఒళ్ళు జలదరించేది. ఏళ్ళు గడిచేకొద్దీ అదీ పోయింది.

ఆ రోజు మొదటి బండి చేరగానే మేనేజరు యార్డులోకి వచ్చాడు. ఫ్యాను కింద నుంచి కదలని మనిషి ఎండలోకి వచ్చాడంటేనే ఎవరికో మూడిందని అర్థం. మూడు గంటలకు పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడట.

“రేకులన్నీ మెరవాలి. ఒక్క మరక కనబడకూడదు” అని చెప్పి, మొదటి బండిలోకి ఆమె వెనకే ఎక్కాడు. అన్నీ చూసి, డ్రైవరు సీటు వెనక కింది మూల వేలు పెట్టి చూపించాడు. “ఇదేంటి?”

“సుద్ద, సార్.”

“ఎవరు రాశారు?”

“పిల్లలెవరో, సార్.”

“అయితే తుడిచెయ్. అన్ని బళ్ళలోనూ చూసుకో. మళ్ళీ వచ్చి చూస్తాను.”

తుడిచింది. గుడ్డ పెట్టి ఒక్కసారి రుద్దితే పోయింది. అంత సులువుగా పోతుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఎనిమిది బళ్ళు తుడిచేలోపు మూడింటిలో గుర్తులు కనిపించాయి. తలుపు దగ్గర కడ్డీ ఊగే బండిలో సున్నా, వెనక కిటికీ దిగని బండిలో ఒక గీత, కుట్టు సీటు బండిలో రెండు గీతలు. మూడూ మనసులో పెట్టుకుంది. డ్రైవర్లు రాగానే నోటితో చెప్పేస్తే సరిపోతుందనుకుంది.

బళ్ళను నంబర్లతో గుర్తుపెట్టుకునే అలవాటు ఆమెకు లేదు. ఆమెది లోపలి పని. ఏ సీటు చిరిగింది, ఏ కడ్డీ వదులైంది, ఏ మూల ఎంత రుద్దినా తుప్పు పోదు, ఇవే ఆమెకు బళ్ళ పేర్లు. కుట్టు సీటు బండిని అయితే కళ్ళు మూసుకుని చెప్పగలదు. తలుపుకు ఎదురుగా ఉన్న సీటు చిరిగి, రేకు పైకి లేచి ఆడవాళ్ళ చీరలు పట్టుకుంటోందని, రెండేళ్ళ కిందట గోనెసూదితో ఎర్రదారం పెట్టి తనే కుట్టింది. ఎవరూ చెయ్యమనలేదు.

పన్నెండు దాటాక మేనేజరు ఆమెను ఆఫీసు గదులు కడగమని పంపాడు. పెద్దాఫీసరు కూర్చునే కుర్చీ కాళ్ళు కూడా తుడిపించాడు. మధ్యలో ఇద్దరు డ్రైవర్లు కనిపిస్తే చాటుగా పిలిచి సున్నా సంగతి, క్లచ్చు సంగతి చెప్పింది. వాళ్ళు తలూపి వెళ్ళారు. మూడో బండి డ్రైవరు ఇంకా రాలేదు. ఆమె పని ముగించుకుని యార్డులోకి వచ్చేసరికి రెండవుతోంది. వరస సగం ఖాళీగా ఉంది.

ఒంటిగంట ట్రిప్పు రద్దయిందట. గేటు దగ్గర జనం గోల చేస్తుంటే, వచ్చిన డ్రైవరును వచ్చినట్టే దొరికిన బండి ఎక్కించి పంపేశారట. పదకొండో నంబరులో ఒకటిన్నరకు కదిలే బండి వెళ్ళిపోయింది. రెండుపది బండి గేటు బయట స్టాపులో నిలబడి జనాన్ని ఎక్కించుకుంటోంది. ఆమె గేటు దాకా వెళ్ళి కిటికీలోంచి తొంగిచూసింది. తలుపు ఎదుటి సీటు మీద ఎర్రదారం కనిపించింది. దాని వెనక సీట్లో, కిటికీ పక్కన, తన కూతురు కూర్చుని ఉంది.

కూతురు వంతెన అవతల మందుల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దే పనిచేస్తుంది. రెండో షిఫ్టు. రెండుముప్పావుకు గేటు మూస్తారు. రెండుపది బస్సు రెండు ఇరవైకి కదిలినా అందుకోవచ్చు, రెండున్నరకు కదిలితే లేదు. ఆ పిల్ల జీవితంలో సగం దిగులు ఆ పది నిమిషాలదే.

కండక్టరు విజిలేశాడు. బండి కదిలింది. బకెట్టు ఎక్కడ పడేసిందో తెలియదు, ఆమె పరుగెత్తుకెళ్ళి బస్సు ముందు రెండు చేతులూ చాపి నిలబడింది.

కళ్ళజోడు డ్రైవరు తల బయటపెట్టాడు. “ఏంటి పిన్నీ, బతకాలని లేదా?”

“బ్రేకు చూసుకో తమ్ముడూ. రెండు గీతలుండేవి. నేనే తుడిచేశాను.”

అతను తల లోపలికి లాక్కున్నాడు. ఆమెను జరగమని సైగ చేసి బండిని పది గజాలు ముందుకు పోనిచ్చి బ్రేకు తొక్కాడు. బండి అక్కడికక్కడే ఆగింది, నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. వెనక్కి తీసి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ ఆగింది. దిగి చక్రాల కింద చూశాడు. ఎక్కి మూడోసారి తొక్కాడు.

“ఒక్క తొక్కుకే పట్టేస్తోంది. నువ్వేం చూశావో ఏమో” అన్నాడు.

“ఇదే బండి తమ్ముడూ. నా కుట్టు నాకు తెలియదా?” అంటూ ఆమె మళ్ళీ బస్సు ముందుకొచ్చి నిలబడింది.

ఇంతలో లోపల్నుంచి మొదలైంది. “ఈ బస్సు రావడమే గగనం, వచ్చినదాన్ని ఆపడానికి ఒక మనిషా?” “జీతమిచ్చి పెట్టుకున్నట్టున్నారు ఈవిణ్ణి, బస్సులాపడానికి.” ఒకాయన ఏకంగా మేనేజరును పిలవమని కేకలేశాడు. ఇంత గోలలో కూతురు లేచి తలుపు దగ్గరకు వచ్చింది. అరవలేదు.

“అమ్మా, పక్కకు తప్పుకో. నాకు గేటు మూసేస్తారు.”

ఆమె తప్పుకుంది. బస్సు వెళ్ళేసరికి రెండు ముప్పై అయింది. అవమానం అవమానమే గాని, కూతురు ఎక్కిన బండికి బ్రేకు బాగుంది. ఆ మాట అనుకోగానే ఆమె ప్రాణం కుదుటపడింది. గోడకానుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది కూడా.

మరి ఆ గీతలు ఏ బండివి?

షెడ్డు ముందు మెకానిక్కు చేతులు తుడుచుకుంటున్నాడు. ఆమె వెళ్ళి కుట్టు సీటు సంగతి అడిగింది.

“ఆ సీటా అక్కా? మార్చాంగా. నువ్వు ఆఫీసు కడుగుతున్నప్పుడు. తనిఖీ టైముకు యార్డులో ఉండే బళ్ళలో మంచి సీట్లు పెట్టమన్నాడు సారు. రెండుపది బండిలోని మంచి సీటు తీసి దీంట్లో వేశాం, చిరిగింది దాంట్లో వేశాం.”

“దీంట్లో అంటే?”

“ఒకటిన్నర బండి. మూడింటికి తిరిగొచ్చేస్తుంది కదా.”

ఆమె అక్కణ్ణుంచే పరుగందుకుంది. టైమ్ కీపరు గదికి వెళ్ళి, గుమ్మం పట్టుకుని నిలబడి, ఒకటిన్నర బండి కింద చేరినట్టు ఫోనొచ్చిందా అని అడిగింది. రాలేదన్నాడు. “ఎప్పుడు టైముకు చేరింది గనకక్కా? పాతిక నిమిషాల దారి అని కాగితం మీద ఉంటుంది. కాగితానికేం” అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. గోడ గడియారం కింద నిలబడి రెండు ముప్పై అయిదు చూసింది, రెండు నలభై చూసింది. ఆ బండి ఎవరెవరు ఎక్కుతారో ఆమెకు తెలుసు. కళ్ళ ఆసుపత్రికి వెళ్ళే ముసలాయన, సంకలో బిడ్డతో టైలరు షాపుకు పోయే అమ్మాయి, కాలేజీ పిల్లలు. గేటు దగ్గర రోజూ చూసే మొహాలే. ఇందాక గోడకానుకుని తను పీల్చిన ఊపిరి గుర్తొచ్చి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండు నలభై అయిదుకు ఫోను మోగింది. బండి చేరింది.

మూడున్నరకు తిరిగి వచ్చింది. నడిపినవాడికి డిపోలో ‘నిదానం’ అని పేరు. తొందరపడే ప్రయాణికుడికీ, తిట్టే మేనేజరుకూ, దారిలో అడ్డమొచ్చిన గేదెకూ అతను చెప్పేది ఆ ఒక్క మాటే. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా ఆ రోజు ఒంటికి అతుక్కుపోయి ఉంది. బండికి ఎడమ పక్క పొడుగునా రంగు లేచిపోయింది.

దిగకుండా మెట్టు మీదే కూర్చున్నాడు. “మూల శుభ్రంగా ఉంది చెల్లెమ్మా. నువ్వు తుడిచావా?”

ఆమె తలూపింది.

“ఆరో మలుపులో ఒకసారి తొక్కాను, పట్టలేదు. రెండోసారి తొక్కాను. మూడోసారి. గోడకు రాసుకుంటూ పోతే ఆగింది. లోపల అందరూ దారి బాగాలేదని రోడ్డువాళ్ళను తిట్టారు. అరగంట అక్కడే నిలబెట్టి, తర్వాత మొదటి గేరులో దింపాను.”

“పుస్తకంలో రాయన్నా.”

అతను ఆమెను చిత్రంగా చూశాడు. “రాస్తే గోడ సంగతి కూడా రాయాలి. నాకింకా రెండేళ్ళుంది చెల్లెమ్మా. రేపు పొద్దున మెకానిక్కును చూడమంటాను, నోటిమాటగా.” జేబులోంచి సుద్దముక్క తీసి, లోపలికి వంగి, ఆ మూల గీతలు గీశాడు. మూడు గీశాడు. మూడు గీతల గుర్తు ఆ డిపోలో అప్పటిదాకా లేదు. దానికి అర్థం ఏమిటని ఆమె అడగలేదు.

పెద్దాఫీసరు ఆ రోజు రానే లేదు.

మర్నాడు పొద్దున కూతురు జడ వేసుకుంటూ, అద్దంలోకే చూస్తూ మాట్లాడింది. “ముప్పావుగంట ఎండలో నిలబెట్టి, అప్పుడు రానిచ్చారు. ఇంకోసారి ఆలస్యమైతే ఇంక రానక్కర్లేదన్నాడు సూపర్‌వైజరు. ఇవాళ్టి నుంచి ఒకటిన్నర బండికే పోతా. గంట ముందెళ్ళి గేటు ముందు కూర్చుంటే సరి.”

“వద్దే. ఆ బండికి బ్రేకు పట్టడం లేదు.”

“నిన్న రెండుపది బండికి పట్టదన్నావు.”

“నిన్న సీట్లు మార్చారు. నాకు తెలియలేదు. నిజానికి గీతలున్నది ఒకటిన్నర బండిలో...” చెబుతుంటే తన మాటలు తన చెవికే పిచ్చిమాటల్లా వినిపించాయి.

కూతురు దువ్వెన పక్కన పెట్టింది. “అమ్మా, నిన్న బస్సులో నా పక్కనావిడ నిన్ను ఏమందో తెలుసా? పోనీలే. ఈ కొండ దిగడానికి ఇంకో దారుంటే చెప్పు, అలాగే పోతా. ఆటోలను దిగుడు మీదికి రానివ్వరు. నడిస్తే రెండున్నర గంటలు, అంత పొడుగునా నడవడానికి గోడ పక్క అడుగు చోటు లేదు.”

“ఈ ఒక్కరోజు మానెయ్.”

“మానితే ఉద్యోగం పోతుంది. సరే, పోనీ అనుకో. రేపటికల్లా బాగవుతుందా ఆ బ్రేకు?”

బకెట్టక్క క్యారేజీ మూత అందించింది. కూతురు దాన్ని సర్దుకోవడం చూస్తూ కూర్చుంది.

డిపోకు వెళ్ళగానే షెడ్డులో అడిగింది. మెకానిక్కులిద్దరినీ తెల్లారకముందే వంతెన దగ్గర ఆగిపోయిన బండి మీదికి పంపారట, ఇంకా రాలేదు. పన్నెండింటికి, పక్కన రంగు లేచిన ఒకటిన్నర బండి వచ్చి వరసలో నిలబడింది. ఎక్కి చూసింది. మూడు గీతలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఉదయం డ్రైవరు వాటిని ఇంకాస్త లావుగా దిద్ది పోయాడు.

అప్పుడామె పదకొండేళ్ళలో ఎవరూ చెయ్యని పని చేసింది. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి, సున్నా దగ్గర్నుంచి మూడు గీతల దాకా అంతా చెప్పేసింది. ఎవరి పేరూ చెప్పలేదు.

మేనేజరు పెన్ను కింద పెట్టాడు. “నిన్న బస్సు ఆపింది నువ్వే కదా? నా దగ్గరికి మూడు ఫిర్యాదులొచ్చాయి. ఆ బండికి ఏమైనా లోపం ఉందా?”

“లేదు సార్. అది వేరే...”

“పద, చూద్దాం.”

వాళ్ళు వెళ్ళేసరికి బండి గేటు దగ్గరకు వచ్చేసింది. అరవైమందికి తక్కువ లేరు స్టాపులో. గంట నుంచి బస్సు లేదు. తలుపు పూర్తిగా తెరుచుకోకముందే ఎగబడుతున్నారు. నిదానం డ్రైవరు సీట్లో ఉన్నాడు. మేనేజరు అతని కిటికీ కింద నిలబడ్డాడు.

“బ్రేకులెలా ఉన్నాయి?”

నిదానం ముందు మేనేజరును చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. స్టాపులో జనాన్నీ, వాళ్ళ చేతులనూ చూశాడు.

“బాగున్నాయి, సార్.”

“పుస్తకంలో ఏమైనా రాశావా?”

“లేదు, సార్.”

“విన్నావు కదా” అన్నాడు మేనేజరు ఆమెతో. లోపలికి ఎక్కి, కింది మూల చూసి, కిందికి వంగడం ఎందుకనుకున్నాడేమో, బూటు కాలితో ఆ గీతలు రుద్దేశాడు. “ఇంకోసారి ఇలాంటి పుకార్లు పుట్టిస్తే పనిలోంచి తీసేయాల్సి వస్తుంది” అని చెప్పి దిగి వెళ్ళిపోయాడు.

ఆమె తలుపు దగ్గర నిలబడి ఎక్కేవాళ్ళను ఆపబోయింది. “ఎక్కకండి, బ్రేకు లేదు, నా మాట వినండి.” ఒకాయన ఆమెను గుర్తుపట్టాడు. “నిన్న ఆపిన ఆవిడే. మళ్ళీ మొదలెట్టింది” అన్నాడు. “జరగమ్మా, జరుగు” అని ఎవరో మోచేత్తో తోశారు. కళ్ళ ఆసుపత్రి ముసలాయన ఒక్కడు ఆగి, ఆమె మొహంలోకి చూసి, “ఇది పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందమ్మా?” అని అడిగాడు. కడ్డీ పట్టుకుని ఆయనా ఎక్కాడు. ఆయన వెనకే కూతురు ఎక్కింది. తల్లి వైపు చూడకుండా మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది.

బకెట్టక్క ఎక్కింది.

“దిగు చెల్లెమ్మా” అన్నాడు నిదానం, పెదవి కదపకుండా.

“నువ్వు దిగన్నా. నువ్వు దిగితే అందరూ దిగుతారు.”

అతను అద్దంలో వెనక్కి చూశాడు. సీట్లలో ముగ్గురేసి, మధ్యదారిలో మనిషికీ మనిషికీ సందు లేదు, మెట్ల మీద నలుగురు. ఎవరో బస్సు రేకు మీద చేత్తో బాదుతూ “పోనియ్యవయ్యా” అంటున్నారు. అతని చెయ్యి గేరు మీదికి పోయింది. అక్కడ కాసేపు ఆగింది. ఆ కాసేపట్లో అతను దిగుతాడనే ఆమె అనుకుంది. విజిల్ పడింది. అతను గేరు వేశాడు.

కండక్టరు ఎక్కడిదాకా అని అడిగితే వంతెన అని చెప్పి టిక్కెట్టు తీసుకుంది. జనాన్ని తోసుకుంటూ మూడో వరస దాకా వెళ్ళింది. బండి గేటు దాటింది, ముందు చక్రాలు దిగుడులోకి వాలాయి. ముందు నుంచి పెడలు చప్పుడు వినిపించింది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ప్రయాణికుల్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఒకడు సీటు వెనక రేకు మీద తాళంచెవితో ఏదో గీకుతున్నాడు.

కూతురు తలెత్తింది. తల్లి చెయ్యి సీటు కడ్డీ మీద ఉంది, వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఆ చెయ్యి చూసి, తర్వాత తల్లి మొహం చూసింది. పొద్దుటి నుంచీ లేని భయం ఆ పిల్ల కళ్ళలోకి వచ్చింది.

“అమ్మా. నిజమేనా?”

“కాళ్ళు ముందు సీటుకు తన్నిపెట్టుకో. తల ఒళ్ళోకి వంచు.”

చిన్నప్పటి నుంచి ప్రతి మాటకూ ఎదురు చెప్పే పిల్ల, మారుమాట్లాడకుండా తల వంచింది. తల్లి ఆమె మీదికి వంగి, రెండు చేతులతో ఆ తలను గట్టిగా పట్టుకుంది.